కోడలి కంప్యూటర్‌కి ఎర్రపెన్ను

ఆ వీధిలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ ఎర్రపెన్ను పెద్దాయనే. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, చొక్కా జేబు మీద ఎర్ర మరకతోనే రిటైరైన మనిషి. పుస్తకాలు, కరపత్రాలు, బస్సు టైముల పట్టికలు, పెళ్లి కార్డులు, ఏదైనా సరే ఆయన కళ్లు దాటకుండా మెషీను ఎక్కేది కాదు. ఒకసారి ఓ పెళ్లి కార్డులో ‘విందుకు రండి’ అన్నది ‘మందుకు రండి’ అని పడితే, అచ్చుకి పోయే చివరి నిమిషంలో పట్టుకున్నాడు. వదిలేసి ఉంటే ఇంకో రెండొందల మంది ఎక్కువ వచ్చేవాళ్లని ప్రెస్సు ఓనరు చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వాడు.

ఈ జబ్బు ఇంట్లో కూడా వదిలేది కాదు. “పెళ్లైన కొత్తల్లో పుట్టింటి నుంచి ప్రేమగా ఉత్తరం రాస్తే, దిద్ది తిరిగి పంపించిన మహానుభావుడు” అని ఆయన భార్య ఇంటికి ఎవరొచ్చినా చెబుతుంది. ఆయన కాదనడు. “రెండే తప్పులు” అంటాడు, అదేదో మెచ్చుకోలు అన్నట్టు.

రిటైరై నాలుగేళ్లైంది. మొదటి ఏడాది మందుల షాపు బోర్డు దిద్దించాడు. పక్కింటి గేటు మీద ‘కుక్క ఉంది జాగర్త’ని ‘జాగ్రత్త’ చేయించాడు. ఆ తర్వాత వీధిలో తప్పులు అయిపోయాయి. ఓ రోజు పాత ప్రెస్సుకి వెళ్లి, ఊరికే కూర్చునే బదులు ఏమైనా ఉంటే చూసిపెడతానన్నాడు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, “ఇప్పుడన్నీ కంప్యూటరే చూసేస్తోందండీ” అన్నారు. టీ తాగుతూ తలెత్తితే వాళ్లు వేసిన క్యాలెండరే గోడ మీద ఉంది. అందులో ‘ఫిబ్రవరి’కి ఒత్తు లేదు. ఆ మాట చెప్పకుండానే లేచి వచ్చేశాడు. అప్పట్నుంచీ కంప్యూటర్ అంటే ఆయనకి గుర్రే.

అలాంటి ఇంట్లోకి కోడలు కంప్యూటర్ తెస్తానంది. అదీ ఆటలాడుకోవడానికి.

కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా “ఊపిరి బిగపట్టండి, ఇక వదలండి” అని చెప్పి చెప్పి ఇంటికొస్తుంది. పెళ్లై రెండేళ్లు. ఆమెకో చెల్లెలు ఉంది, వేరే ఊళ్లో ఉద్యోగం. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని, ఒకే కీబోర్డు మీద చెరో చెయ్యి వేసి ఆడుకునేవాళ్లట. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఆడే ఆట ఒకటి పట్టుకున్నారు. పాడైపోయిన ఓడ ఒకటి, దాన్ని బాగుచేసుకుంటూ దీవి నుంచి దీవికి పోవాలి. ప్రతి ఆదివారం చెల్లెలు అక్కడ, అక్క ఇక్కడ. కానీ అక్క దగ్గరున్నది కాలేజీ రోజుల లాప్‌టాప్. పది నిమిషాలు ఆడితే దానిమీద బట్టలు ఇస్త్రీ చేసుకోవచ్చు. బొమ్మలు కదలవు, పేక ముక్కలు విసిరినట్టు ఒకటొకటే పడతాయి. “అక్కా, ఎక్కడున్నావే? ఓడ వెళ్లిపోతోంది!” అని అటునుంచి చెల్లెలు గోల పెడుతుంటే, ఇటు ఆటలో అక్క బొమ్మ ఏదో గోడలో ఇరుక్కుపోయి ఉండేది.

ఓవర్‌టైమ్ చేసి కొంత కూడబెట్టింది. రెడీమేడ్‌గా వచ్చేవి ఆ డబ్బుకి దొరకవు. విడిభాగాలు ఏరుకుని తనే బిగించుకుంటే సరిపోతుందని లెక్క వేసి, మూడు పేజీల జాబితా రాసుకుంది. మొగుడికి చూపించింది. అతను టైర్ల కంపెనీలో సేల్స్ మనిషి, ఎప్పుడూ ఫోన్లోనే ఉంటాడు. “చూశాను, బ్రహ్మాండంగా ఉంది” అన్నాడు కాగితం వైపు చూడకుండానే.

“ఏం బ్రహ్మాండంగా ఉంది?” అని అడిగింది.

“నీ చేతిరాత.”

అది టైపు చేసిన కాగితం.

మర్నాడు ఆమె పొద్దున్నే డ్యూటీకి పోతూ ఆ జాబితాని భోజనాల బల్ల మీద మర్చిపోయింది. పెద్దాయన పేపరు చదవడం అయిపోయింది. పేపర్లో తప్పులు లెక్కపెట్టడం కూడా అయిపోయింది. ఎదురుగా మూడు పేజీలు. మొదటి పేజీలోనే ‘ప్రాసెసర్’ ఓ చోట ‘ప్రోసెసర్’, ఇంకో చోట ‘ప్రాసేసర్’. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

సాయంత్రం కోడలు వచ్చి చూసేసరికి కాగితాల నిండా ఎర్రటి సున్నాలు. పెద్దాయనకి ప్రాణం చివుక్కుమంది. “పొరపాటైందమ్మా. అలవాటు కొద్దీ చెయ్యి వెళ్లిపోయింది. మళ్లీ ప్రింటు తీయిస్తాను” అన్నాడు.

“పర్లేదు మామయ్యగారూ” అని నవ్వుతూనే ఆమె పేజీలు తిప్పింది. మూడో పేజీలో ఓ చోట ఆగిపోయింది. మదర్‌బోర్డు పేరు పక్కన పెద్దాయన మార్జిన్‌లో రాశాడు: ‘మొదటి పేజీలో చివర డి4 అని ఉంది. ఇక్కడ లేదు. ఏది సరి?’

ఆమె బ్యాగు భుజం మీంచి దించకుండానే కుర్చీలో కూలబడింది.

“ఇది మీకెలా తెలిసింది?”

“నాకేం తెలుసమ్మా? ఓ చోట ఉన్న మాట ఇంకో చోట లేదు. అంతే.”

“రెండు షాపుల లిస్టులు చూసి రాశాను. రెండూ ఒకే బోర్డు అనుకున్నా. ఒకే పేరుతో రెండు రకాలున్నాయన్నమాట. డి4 అని ఉన్నదానికి పాత రకం ర్యామే పడుతుంది. నేనేమో కొత్త రకం ర్యామ్ రాశాను. ఈ గాడిలో అది దిగదు. ప్యాకెట్ విప్పితే వాపసు కూడా తీసుకోరు.” ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. “పప్పులో కాలేసేదాన్ని మామయ్యగారూ!”

ఆ పూట పెద్దాయన అన్నంలో పెరుగు రెండోసారి వడ్డించుకోవడం భార్య గమనించింది.

భోజనాలయ్యాక కోడలే మళ్లీ కాగితాలు తెచ్చింది. “మిగతావి కూడా చూస్తారా? కంపెనీల పేజీలన్నీ ప్రింటు తీయించి తెస్తాను. ప్రతి వస్తువుకీ వాళ్లు రాసిన కొలతలూ నంబర్లూ ఉంటాయి. నా జాబితాతో సరిపోల్చాలి.”

“సంగతేమిటో తెలియకుండా ఎలా దిద్దనమ్మా? పాకశాస్త్రం పుస్తకం దిద్దినప్పుడు కూడా మీ అత్తయ్యని అడిగి తెలుసుకున్నాకే దిద్దాను.”

“నేను చెప్పాక కూడా ఆ పుస్తకంలో ఒకే కూరకి మూడుసార్లు ఉప్పు వేయించారు” అంది భార్య వంటింట్లోంచి.

కోడలు బల్ల మీద అగ్గిపెట్టె, చెంచా, తాళంచెవి, ఏది దొరికితే అది పేర్చి చెప్పింది. ప్రాసెసర్ పని చేసేది. ర్యామ్ అప్పటికప్పుడు కావలసినవి పరుచుకునేది. డిస్కు అన్నీ దాచిపెట్టేది. గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీసేది. పవర్ సప్లై అందరికీ కరెంటు పంచేది. మదర్‌బోర్డు మీద వీళ్లందరూ కూర్చుంటారు. పెద్దాయన తలూపుతూ విన్నాడు. “అర్థమైంది. ప్రాసెసర్ అంటే మా కంపోజిటరు. ర్యామ్ అతని ముందున్న బల్ల. ఎంత మంచి కంపోజిటరైనా బల్ల ఇరుకైతే అక్షరాలు ఎక్కడ పేరుస్తాడు? డిస్కు మా వెనక గది గోడౌను. గ్రాఫిక్స్ కార్డు అంటే బొమ్మల బ్లాకులు చేసేవాడు. వాడికి జీతం ఎక్కువ, గర్వం ఎక్కువ.”

“అచ్చం అంతే. ధర చూస్తే మీకే తెలుస్తుంది” అంది కోడలు.

వారం రోజులు భోజనాల బల్ల ప్రెస్సు అయిపోయింది. పెద్దాయన ఉదయం స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఆఫీసుకి వెళ్లినట్టు బల్ల దగ్గరికి వెళ్లేవాడు. లైను కింద స్కేలు పెట్టి, నంబర్లు పైకి చదువుతూ, ఒకటికి రెండుసార్లు సరిచూసేవాడు. బుధవారం నాడు క్యాబినెట్ దగ్గర పట్టుకున్నాడు. అది విడిభాగాలన్నీ పెట్టుకునే ఇనప పెట్టె. అందులో పట్టే గ్రాఫిక్స్ కార్డు పొడవు రెండొందల తొంభై మిల్లీమీటర్లు అని ఉంది. కోడలు రాసుకున్న కార్డు మూడొందల నాలుగు.

“పద్నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ. తోక బయటికి వస్తుందా?” అని అడిగాడు.

కొడుకు అప్పుడే ఫోన్ పెట్టేసి వచ్చాడు. “కొంచెం గట్టిగా నొక్కితే పోదూ?”

మామా కోడళ్లిద్దరూ అతనికేసి చూసిన చూపుకి, అతను మళ్లీ ఎవరికో ఫోన్ చేసుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

అసలు చిక్కు గ్రాఫిక్స్ కార్డుతోనే వచ్చింది. కోడలు జాబితా కింద ఓ గీత గీసుకుంది, ఖర్చు ఆ గీత దాటకూడదని. కార్డు రాస్తే గీత దాటుతోంది. కార్డు ఉంచి మిగతావన్నీ నాసిరకానికి దించితే దాటదు. పవర్ సప్లై పేరు తెలియని కంపెనీది, ర్యామ్ సగం, డిస్కు పాతది. ఆరు జాబితాలు రాసింది, ఆరూ చించేసింది. గురువారం రాత్రి భోజనం దగ్గర కూడా నెమరేస్తున్నట్టు అవే నంబర్లు.

“లైట్లున్న పెట్టె కొనుక్కోమ్మా. రంగురంగులుగా వెలుగుతాయి కదా, ముచ్చటగా ఉంటుంది” అంది అత్తగారు.

“ఆ లైట్ల డబ్బుతో ర్యామ్ ఇంకో ముక్క వస్తుందత్తయ్యా.”

“అయితే ఇంట్లో ఉన్న సీరియల్ లైట్లు చుట్టేద్దాంలే.”

పెద్దాయన ముద్ద పట్టుకుని ఆలోచిస్తున్నాడు. “మా ఓనరు ఓసారి పేపర్ కోసే మెషీను చౌకలో తెచ్చాడు” అన్నాడు. “అది పేపర్ని కొయ్యలేదు, కొరికింది. ఆర్నెల్లకి మంచిది కొన్నాడు. చౌకగా కొన్నానని సంబరపడ్డాడు గానీ, చివరికి రెండు మెషీన్ల డబ్బు పోసి ఒక మెషీను కొన్నాడు. ఆ బొమ్మల కార్డు లేకపోతే మీ ఓడ అసలు కదలదా?”

కోడలు తలెత్తింది. “కదులుతుంది. అది పెద్ద ఆటేం కాదు, కార్టూన్‌లా ఉంటుంది. ప్రాసెసర్‌లోనే చిన్నపాటి గ్రాఫిక్స్ ఉన్నది తీసుకుంటే నడుస్తుంది. మెరుపులూ నీడలూ తగ్గించుకోవాలి, అంతే. కార్డు తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు... క్యాబినెట్‌లో పడితే.”

“పడేటట్టు చూసే బాధ్యత నాది.”

అలా ఏడో జాబితా తయారైంది. పవర్ సప్లై మంచిది, డి4 బోర్డు, దాంట్లో దిగే ర్యామ్ రెండు ముక్కలు, డిస్కు కొత్తది, క్యాబినెట్ పొడుగుది, లైట్లు లేనిది. కార్డు లేదు. గీతకి ఇవతలే. చివరి లైను: ‘మానిటర్ – పాతది ఉంది.’ పెద్దాయన ఒక్కొక్క లైనూ చదివి, ప్రతిదాని పక్కనా ఎర్ర టిక్కు పెట్టి, కింద పొడి అక్షరాల సంతకం చేశాడు. అచ్చుకి పోవచ్చు అని దానర్థం. ఆ సంతకం చేసి నాలుగేళ్లైంది.

శనివారం ఇద్దరూ కంప్యూటర్ల బజారుకి వెళ్లారు. మూడంతస్తుల పాత బిల్డింగు. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవలసినంత ఇరుకు మెట్లు. అట్టపెట్టెల వాసన, ఎక్కడో సోల్డరింగ్ పొగ వాసన. గుమ్మాలకి తోరణాల్లా కేబుళ్లు. రెండో అంతస్తులో వాళ్లు ఎంచుకున్న షాపు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకున్న షాపాయన పెద్దాయన్ని చూసి కుర్చీ లాగాడు.

“రండి సార్. మనవడికా?”

“కాదు, మా కోడలికి. మాట్లాడాల్సింది ఆమెతోనే. నేను చూడ్డానికొచ్చాను.”

షాపాయన తేరుకుని “చెప్పండి మేడమ్” అన్నాడు. కోడలు చదువుతుంటే ఒక్కో పెట్టె తెచ్చి కౌంటర్ మీద పేర్చాడు. పెద్దాయన స్కేలు తీశాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు, పెట్టె మీది పేరు ఒక్కో అక్షరం చదువుతూ జాబితాతో సరిచూడటం మొదలుపెట్టాడు. ర్యామ్ సరే. డిస్కు సరే. బోర్డు చివర డి4 ఉంది, సరే.

“సార్ ఆడిటరా?” అని అడిగాడు షాపాయన, కొంచెం బెరుగ్గానే.

“ప్రూఫ్‌రీడర్ని.”

“ఓహో” అన్నాడతను. అర్థమైనట్టు లేదు గానీ బెరుకు మాత్రం పోలేదు.

కోడలు అవతలి మూల కీబోర్డులు నొక్కి చూస్తోంది. ప్రాసెసర్ పెట్టె వచ్చింది. పెద్దాయన స్కేలు పెట్టాడు. అంకెలు అయిదూ సరిపోయాయి. అంకెల తర్వాత ఒక ఎఫ్ ఉంది. జాబితాలో లేదు.

“ఈ ఎఫ్ ఏమిటండీ?”

“ఏం లేదు సార్, కంపెనీవాడు పెట్టుకుంటాడు. రెండూ ఒకటే. పైగా ఇది చౌక.”

రెండూ ఒకటే అన్న మాట ముప్పై ఎనిమిదేళ్లుగా వింటున్న మనిషి. “అమ్మాయ్! ఇక్కడ చివర్లో ఒక అక్షరం ఎక్కువుంది” అని కేకేశాడు.

కోడలు కీబోర్డు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. “ఎఫ్ ఉన్నది వద్దండి. దీంట్లో గ్రాఫిక్స్ ఉండదు. మేం కార్డు తీసుకోవడం లేదు. ఇంటికెళ్లి ఆన్ చేస్తే తెర మీద నల్లగా ఏమీ రాదు.”

షాపాయన జాబితాని మళ్లీ చూసి నాలిక్కరుచుకున్నాడు. “కార్డు లేదని నేను చూడనే లేదు మేడమ్. అందరూ కార్డుతోనే తీసుకుంటారు కదా, ఆ ధోరణిలో ఇచ్చేశాను. తప్పు నాదే.” పై అంతస్తు షాపుకి తనే వెళ్లి, ఎఫ్ లేనిది పట్టుకొచ్చాడు. ఈసారి పెద్దాయన అడక్కముందే పెట్టెని ఆయన వైపు తిప్పి పట్టుకున్నాడు.

సామానంతా సంచుల్లోకి సర్దుతుండగా పెద్దాయన కళ్లు గోడ మీది బోర్డు మీద పడ్డాయి. పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడును.’

ఆయన నోరు తెరవబోయేలోగా కోడలు మోచెయ్యి పట్టుకుంది. “చూశాను మామయ్యగారూ. చెప్పకండి. మనవన్నీ పని చేస్తున్నాయని తేలాక చెబుదాం.”

“అంతేనంటావా?”

“అంతే.”

మెట్లు దిగడం మొదలుపెట్టారు. నాలుగో మెట్టు దగ్గర ఆయన నడక మందగించింది. ఏడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. కోడలు వెనక్కి తిరిగి చూస్తే, చెప్పులో రాయి పడ్డవాడిలా నిలబడి ఉన్నాడు.

“మీరిక అన్నం తినలేరు కదూ?”

“రాత్రి నిద్ర కూడా పట్టదమ్మా.”

“వెళ్లి చెప్పి రండి” అని ఆమె సంచులు కింద పెట్టి పగలబడి నవ్వింది.

ఆయన వెళ్లి చెప్పాడు. షాపాయన బోర్డు ముందు నిలబడి, పెదాలు కదుపుతూ మూడుసార్లు చదువుకున్నాడు. “అందుకా! రెండేళ్లుగా ప్రతివాడూ తెచ్చి నా నెత్తిన పడేసి, ‘నువ్వే రాశావుగా’ అంటున్నాడు. నేనేమో జనం మొండితనం అనుకున్నా!” కుర్చీ ఎక్కి బోర్డు పీకేసి, పెద్దాయనకి టీ తాగించి, ఓ మౌస్ చేతిలో పెట్టి పంపించాడు.

ఆదివారం ఉదయం బిగింపు. బల్ల మీద దుప్పటి పరిచారు. కోడలి చేతులు రోగుల్ని కదిలించే చేతులు, తొందరా లేదు, తడబాటూ లేదు. పెద్దాయన కాగితం పట్టుకుని వరసగా చదువుతుంటే ఆమె చేసుకుపోయింది. కొడుకు ఫోన్‌ని ఎన్నాళ్లకో చెవికి కాకుండా లైటుకి వాడాడు. ప్రాసెసర్ పెట్టి మీట నొక్కేటప్పుడు కరకరమని చప్పుడైంది. అందరూ ఊపిరి బిగపట్టారు.

“ఇక వదలండి” అంది కోడలు. అందరూ వదిలారు.

మధ్యాహ్నానికి పెట్టె మూత పడింది. కొడుకు అటక మీంచి పాత మానిటర్ దించి, దుమ్ము దులిపి తెచ్చాడు. దాని కేబుల్ కొస నీలం రంగుది, దాన్నిండా చిన్న చిన్న సూదులు. కోడలు దాన్ని పట్టుకుని కంప్యూటర్ వెనక వెతికింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. కొత్త బోర్డుకి అలాంటి రంధ్రమే లేదు.

“ఇది కొత్త రకం కేబుల్‌కే...” అని ఆగిపోయింది.

పెద్దాయన జాబితా తీశాడు. చివరి లైను. ‘మానిటర్ – పాతది ఉంది.’ దాని పక్కన ఎర్ర టిక్కు. కింద తన సంతకం. ఒక్కో పెట్టెనీ అక్షరం అక్షరం చూసిన మనిషి, ఇంట్లో అటక మీదున్నదాన్ని దించి చూడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నెమ్మదిగా తన గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. ప్రెస్సువాళ్లు టీ ఇచ్చి పంపించిన రోజు గుర్తొచ్చింది. వాళ్లు అన్నది నిజమేనేమో అనిపించింది.

కోడలు వెనకాలే వచ్చింది. “ఆ లైను రాసింది నేను మామయ్యగారూ.”

“చూసింది నేను.”

“మీరు చూసింది కాగితాన్ని. ఆ మానిటర్ని రెండేళ్లుగా అటక మీద చూస్తున్నది నేను. ఎక్స్‌రేలో విరిగిన ఎముక ఓసారి నాక్కూడా కనిపించలేదు. డాక్టరు చూసి చెప్పాడు. ఆ రోజు ఏడ్చాను. మర్నాడు మళ్లీ డ్యూటీకి వెళ్లాను.” ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. “రేపు బజార్లో దానికి కన్వర్టర్ దొరుకుతుంది, వేలెడంత ఉంటుంది. కానీ ఇవాళ చెల్లి ఎదురుచూస్తుంటుంది. ఆరు జాబితాలు చించినా దానికి మాత్రం ఆదివారం అనే చెప్పాను.”

హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఇంతోటి దానికి ఇద్దరూ గదిలో దూరి గుసగుసలెందుకు? ఇంత పెద్ద టీవీ ఉంది, దీని వెనకాల ఏవో బొక్కలు ఉన్నాయి. వచ్చి చూడండి, సరిపోతాయేమో!”

సరిపోయాయి. కొడుకు సెట్-టాప్ బాక్సు కేబుల్ పీకి కంప్యూటర్‌కి పెట్టాడు. కోడలు మీట నొక్కింది. ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. టీవీ నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. అత్తగారు ‘అయ్యో’ అనబోతుండగా తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. కోడలు రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక అత్తగారిని వాటేసుకుంది.

“మీ మామగార్నీ పిలువు” అంది అత్తగారు ఆ కౌగిలిలోంచే. ఆయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

అన్నీ ఎక్కించేసరికి సాయంత్రమైంది. టీ గ్లాసులతో నలుగురూ హాల్లో కూర్చున్నారు. ఒక్కత్తీ గదిలో తలుపేసుకుని ఆడుకుందామనుకున్న కోడలికి కాస్త సిగ్గుగానే ఉంది. ఓడ కనిపించింది. సముద్రం కనిపించింది, నీళ్లు నీళ్లలాగే కదిలాయి. పక్కన పెట్టిన ఫోన్ స్పీకర్లోంచి చెల్లెలి గొంతు. “అక్కా! కదులుతున్నావే నువ్వు! గోడలో లేవే!”

పావుగంట బాగానే సాగింది. తర్వాత ఓడ అడుగున ఎక్కడో చిల్లు పడింది. అక్కాచెల్లెళ్లు తెరచాప గురించి వాదించుకుంటున్నారు. అత్తగారు గ్లాసు కింద పెట్టి ముందుకి వంగింది.

“నీళ్లొస్తున్నాయ్... అమ్మాయ్, ఆ మూల చూడు, నీళ్లొస్తున్నాయ్!”

స్పీకర్లో తెరచాప వాదన ఆగిపోయింది. “అక్కా, ఎవరే అది?”

“మా అత్తగారు.”

“అయ్యో... నమస్కారం అత్తయ్యగారూ” అంది చెల్లెలు, గొంతు పూర్తిగా మార్చేసి.

“నమస్కారాలు తర్వాత, ముందు ఆ నీళ్లు తోడమ్మా తల్లీ, మునిగిపోయేట్టున్నారు!”

ఆ సాయంత్రం వాళ్లు మూడు దీవులు దాటారు.

మర్నాడు కోడలు కన్వర్టర్ తెచ్చింది. పాత మానిటర్‌కి తగిలించుకుని, కంప్యూటర్ని తన గదిలో బల్ల మీదికి మార్చుకుంది. రెండు రోజులు ప్రశాంతంగా ఆడుకుంది. మూడో రోజు అత్తగారు ఉతికిన బట్టలు మడత పెట్టే నెపంతో వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఉన్న నాలుగు బట్టల్నీ రెండుసార్లు మడిచింది.

“ఆ నాలుగో దీవిలో ఏముందో తెలిసిందా?” అని అడిగింది, తనకేం పెద్ద పట్టింపు లేనట్టు.

“ఇంకా వెళ్లలేదత్తయ్యా.”

“నేను లేకుండా వెళ్లిపోయారేమో అనుకున్నా.”

ఆ ఆదివారం కంప్యూటర్ మళ్లీ హాల్లోకి వచ్చింది. తర్వాతి ఆదివారమూ వచ్చింది. మోసి మోసి నడుం పట్టేసిన కొడుకు, ఎక్కణ్నుంచో చక్రాల బల్ల ఒకటి తెచ్చాడు. అత్తగారి పని అడుగున నీళ్లు కనిపెట్టడం. కొడుకు పని దీవుల్లో దొరికిన సరుకు ఎక్కడ ఎంతకి అమ్మాలో చెప్పడం. పెద్దాయన సోఫా చివర కూర్చుని ఊరికే చూసేవాడు. ఓ రోజు చెల్లెలే అటునుంచి అడిగింది. “పెద్దాయన్ని ఓసారి చుక్కాని పట్టుకోమనవే అక్కా.”

“నాకెందుకమ్మా ఇవన్నీ” అంటూనే లేచి వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కోడలు వంగి ఏ మీట దేనికో చూపించింది. ఆయన కుడివైపు మీట మీద ఒక వేలు, ఎడమవైపు మీట మీద ఒక వేలు పెట్టి, స్కూల్లో పరీక్ష రాస్తున్నట్టు తెర వైపు గుచ్చి చూశాడు. ఓడ గౌరవంగా పది గజాలు ముందుకెళ్లి, సముద్రం మొత్తం మీద ఉన్న ఒకే ఒక్క రాతికి తిన్నగా గుద్దుకుంది.

స్పీకర్లో చెల్లెలు కెవ్వుమంది. కోడలు నవ్వాపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది.

“అంత సముద్రం ఉంటే ఆ రాయే దొరికిందా మీకు?” అంది అత్తగారు.

“నాకు కనిపించిందది ఒక్కటేనే!” అన్నాడు పెద్దాయన, చేతులు తియ్యకుండానే. “ఇప్పుడేం చెయ్యాలి? వెనక్కి ఎలా పోవాలి అమ్మాయ్?”

“వెనక్కి పోవడం తర్వాత, ముందు నీళ్లు!” అని అత్తగారు కుర్చీ తన వైపు లాక్కుంది.